మొబైల్ రోబో తన చోటు తాను తెలుసుకుని తిరగాలంటే: చక్రం కొలత నుంచి ఏఐ దాకా

ఏఐ రోబో చేద్దాం అనుకోగానే చాలామంది ముందు కెమెరా కొంటారు. దాని మీద బొమ్మలో ఏముందో గుర్తుపట్టే యోలో అనే ఏఐ మోడల్ ఎక్కిస్తారు. రోబో కుర్చీని కుర్చీ అని, మనిషిని మనిషి అని చక్కగా చెప్పేస్తుంది. కానీ హాల్లోంచి వంటింట్లోకి వెళ్లమంటే మాత్రం వెళ్లదు. ఎదురుగా ఏముందో దానికి తెలుసు, తానెక్కడుందో తెలీదు మరి.

అందుకే ఇక్కడ పనిని తిరగేసి చెబుతున్నాను. మొదట చక్రం, తర్వాత లైడార్ (లేజర్ కిరణంతో చుట్టూ దూరాలు కొలిచే సెన్సార్), తర్వాత మ్యాప్, ఆ తర్వాత చోటు గుర్తించడం, దారి వేయడం. కెమెరా, డీప్ లెర్నింగ్ అన్నిటికంటే చివర. ఈ వరస మీద నాకు గట్టి నమ్మకం ఉంది. కింది మెట్టులో ఉన్న తప్పుని పై మెట్టులోని ఏ తెలివీ పూర్తిగా కప్పిపుచ్చలేదు. చక్రం కొలత తప్పయితే మ్యాప్ వంకర పోతుంది. మ్యాప్ వంకర పోతే రోబో గోడని తలుపు అనుకుంటుంది. అప్పుడు తప్పు ఏఐ మోడల్‌లో ఉందనుకుని వారాల తరబడి దాన్నే మళ్లీ మళ్లీ ట్రెయిన్ చేస్తూ కూర్చుంటారు.

ముందుగా కావలసినవి

చేతిలో రోబో లేకపోయినా ఫర్వాలేదు, ఉబుంటు ఉన్న ల్యాప్‌టాప్ చాలు. ఉబుంటు 22.04 అయితే రాస్ 2లో (రోబోలకి ప్రోగ్రాములు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఇది) హంబుల్ వెర్షన్ వేసుకోండి, 24.04 అయితే జాజీ. హంబుల్‌కి 2027 మే వరకు, జాజీకి 2029 మే వరకు సపోర్ట్ ఉంది. నెట్‌లో దొరికే పాఠాల్లో చాలా వరకు పాత రాస్ 1 కోసం చేసినవి. దాని ఆఖరి వెర్షన్ నోయెటిక్‌కి 2025 మేలో, పాత గజీబో సిమ్యులేటర్‌కి అదే ఏడాది జనవరిలో సపోర్ట్ ఆగిపోయింది. వాటిని చూసి మొదలుపెడితే ఇన్‌స్టాల్ చేయడంలోనే ఓపిక అయిపోతుంది. వీడియో తెరవగానే ఏ వెర్షనో చూసుకోండి.

ఉదాహరణకి టర్టిల్‌బాట్3 బర్గర్ తీసుకుందాం. చిన్న రోబో, బరువు కిలో చుట్టుపక్కల ఉంటుంది. రెండు చక్రాలు, ఒక్కోదాని వ్యాసార్థం 33 మిల్లీమీటర్లు, రెండిటి మధ్య దూరం 160 మిల్లీమీటర్లు. పైన గిరగిరా తిరిగే లైడార్, లోపల రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్. గరిష్ఠ వేగం సెకనుకి 22 సెంటీమీటర్లు. దీని సిమ్యులేషన్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి మొదటి నుంచి చివరి వరకు ల్యాప్‌టాప్‌లోనే ఒకసారి చేసి చూడొచ్చు.

సొంతంగా కట్టుకునేవాళ్లకి ఎన్‌కోడర్లున్న రెండు గేర్ మోటార్లు, ఒక క్యాస్టర్ చక్రం, ఈఎస్పీ32 లేదా ఆర్డుయినో బోర్డు, రాస్ప్‌బెర్రీ పై 4, ఆర్పీలైడార్ ఏ1 లాంటి చవక లైడార్, ఒక జైరో సెన్సార్ సరిపోతాయి. డబ్బు ఎక్కడ తగ్గించుకున్నా ఫర్వాలేదు గానీ ఎన్‌కోడర్ లేని మోటార్లు మాత్రం కొనొద్దు. చక్రం ఎంత తిరిగిందో చెప్పలేని మోటార్‌తో ఈ పని ముందుకు సాగడం చాలా కష్టం.

చక్రం లెక్క సరిచేయడం

చక్రం ఎంత తిరిగిందో లెక్కపెట్టి, దాన్నిబట్టి రోబో ఎంత దూరం వచ్చింది, ఎటు తిరిగింది అని అంచనా వేయడాన్ని ఓడోమెట్రీ అంటారు. బర్గర్ మోటార్ ఒక చుట్టుని 4096 భాగాలుగా లెక్కపెడుతుంది. చక్రం చుట్టుకొలత సుమారు 207 మిల్లీమీటర్లు. అంటే ఒక్కో భాగానికి మిల్లీమీటర్‌లో ఇరవయ్యో వంతు. ఇంత సూక్ష్మంగా కొలుస్తున్నా ఓడోమెట్రీ తప్పుతుంది. చక్రం వ్యాసార్థం మీరు రోబో సెట్టింగ్స్ ఫైల్‌లో రాసినంతే ఉండదు, టైల్స్ మీద చక్రం కొంచెం జారుతుంది, రెండు టైర్లూ సరిగ్గా ఒకే సైజులో ఉండవు.

కాబట్టి కొలవాలి. హాల్లో నేల మీద మాస్కింగ్ టేపుతో తిన్నటి గీత వేయండి. రోబోని గీత మొదట పెట్టి, నెమ్మదిగా, అది తాను 2 మీటర్లు వచ్చానని చెప్పేవరకు నడపండి. ఇప్పుడు టేపు పెట్టి అసలు దూరం కొలవండి. అసలు దూరం 1.94 మీటర్లు వచ్చిందనుకుందాం. 1.94ని 2తో భాగిస్తే 0.97. వ్యాసార్థాన్ని 0.97తో హెచ్చవేయండి. 33 మిల్లీమీటర్లు కాస్తా 32.0 అవుతుంది. ఫైల్‌లో మార్చి మళ్లీ నడపండి. ఒక్కసారి కొలిచి వదిలేయకుండా నాలుగైదు సార్లు కొలిచి సగటు తీసుకోండి.

ఇది కుదిరాకే తిరగడం సంగతి చూడాలి. రోబో ముందు భాగానికి ఎదురుగా నేల మీద ఒక గుర్తు పెట్టి, ఉన్నచోటే పది చుట్లు తిప్పండి. తాను సరిగ్గా పది చుట్లు, అంటే 3600 డిగ్రీలు తిరిగానని రోబో అంటుంది. చూస్తే పావు చుట్టు తక్కువగా, 3510 డిగ్రీల దగ్గర ఆగింది. అప్పుడు చక్రాల మధ్య దూరాన్ని 3600/3510తో హెచ్చవేయాలి. 160 మిల్లీమీటర్లు 164.1 అవుతుంది. స్కేలు పెట్టి కొలిస్తే 160 వస్తున్నప్పుడు 164 ఎలా అవుతుందని కంగారు పడొద్దు. టైరు వెడల్పులో నేలని ఏ భాగం నిజంగా పట్టుకుంటోందన్నది స్కేలు చెప్పదు. నేల చెప్పిన లెక్కనే నమ్మండి.

తిరగడం మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రోబో దిక్కులో ఒక్క డిగ్రీ తప్పు ఉంటే 10 మీటర్లు పోయేసరికి పక్కకి 17 సెంటీమీటర్లకి పైగా తప్పుతుంది. దూరంలో వచ్చిన తప్పు అంతటితో ఆగుతుంది. దిక్కులో వచ్చిన తప్పు ముందుకు పోయేకొద్దీ పెరుగుతుంది.

ఇంకా గట్టిగా పరీక్షించాలంటే రోబోని చదరంగా ఒకసారి సవ్య దిశలో, ఒకసారి అపసవ్య దిశలో తిప్పి, బయల్దేరిన చోటికి ఎంత దూరంలో ఆగిందో చూడండి. మిషిగన్ యూనివర్సిటీలో బోరెన్‌స్టైన్, ఫెంగ్ 1990లలో ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. రెండు దిశల్లోనూ తిప్పడంలో ఒక కిటుకు ఉంది. ఒకే దిశలో తిప్పితే టైర్ల సైజు తేడా, చక్రాల మధ్య దూరం తప్పు ఒకదాన్నొకటి కొట్టేసుకుని, అంతా బాగున్నట్టు కనిపించవచ్చు. రెండో దిశలో ఆ గుట్టు బయటపడుతుంది.

జైరోని కలపడం

చక్రం జారిందో లేదో చక్రానికి తెలియదు. జైరోకి తెలుస్తుంది, ఎందుకంటే అది నేలతో సంబంధం లేకుండా ఒళ్లు ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తుంది. రెండిటినీ కలిపే పని కాల్మన్ ఫిల్టర్‌ది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రచురించిన గణితమే ఇప్పటికీ ఇక్కడ పనిచేస్తోంది. రాస్‌లో రోబో లోకలైజేషన్ అనే ప్యాకేజీ ఉంది, అందులో ఎక్స్‌టెండెడ్ కాల్మన్ ఫిల్టర్ సిద్ధంగా దొరుకుతుంది. ముందుకి పోయే వేగం చక్రం నుంచి, తిరిగే వేగం జైరో నుంచి తీసుకోమని చెప్పండి. మొదట్లో ఈ రెండూ చాలు. యాక్సిలరోమీటర్‌ని కూడా కలిపేద్దామని ఆశపడొద్దు, చవక సెన్సార్లలో దాని వల్ల మేలు కంటే గందరగోళమే ఎక్కువ. రోబో ఆన్ చేశాక కొన్ని సెకన్లు కదపకుండా ఉంచండి. జైరో తన సున్నాని ఆ సమయంలో పట్టుకునేలా ప్రోగ్రామ్ రాయండి.

మూడు ఫ్రేములు

రాస్‌లో రోబో చోటుని ఒకే లెక్కగా రాయరు. మ్యాప్, ఓడోమ్, బేస్ అని మూడు ఫ్రేములు, అంటే చోటు కొలవడానికి మూడు ఆధారాలు, ఒకదానికొకటి గొలుసుగా ఉంటాయి. బేస్ అంటే రోబో ఒళ్లు. ఓడోమ్ అంటే బయల్దేరినప్పటి నుంచి చక్రాలు, జైరో చెప్పిన లెక్క. అది ఎప్పుడూ నున్నగా సాగుతుంది, గెంతదు, కానీ మెల్లమెల్లగా నిజం నుంచి జరిగిపోతుంది. మ్యాప్ ఫ్రేములో రోబో చోటు అలా జరిగిపోదు, కానీ సవరణ వచ్చినప్పుడల్లా ఒక్కసారి గెంతుతుంది. ఎదురుగా వచ్చిన కుర్చీని తప్పుకోవడానికి నున్నటి లెక్క కావాలి, వంటిల్లు ఎటుందో తెలియడానికి సరైన లెక్క కావాలి. రెండూ ఒకే సంఖ్యలో దొరకవు కాబట్టే ఈ ఏర్పాటు.

ఈ దశలో తప్పక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. సెన్సార్ సమాచారాన్ని తెర మీద చూపే ఆర్‌విజ్ తెరిచి ఫిక్స్‌డ్ ఫ్రేమ్‌గా ఓడోమ్ పెట్టండి. లైడార్ చుక్కల డికే టైమ్‌ని 20 సెకన్లు చేయండి, అంటే పాత చుక్కలు అంతసేపు చెరిగిపోకుండా ఉంటాయి. ఇప్పుడు రోబోని ఉన్నచోట నెమ్మదిగా తిప్పండి. అంతా సరిగ్గా ఉంటే గోడల గీతలు ఒకదానిమీద ఒకటి కూర్చుని సన్నగా కనిపిస్తాయి. గోడ విసనకర్రలా పరుచుకుంటే తిరిగే లెక్క ఇంకా తప్పుగా ఉన్నట్టు, లేదా లైడార్‌ని వంకరగా బిగించినట్టు. ఇది దాటకుండా మ్యాప్ జోలికి వెళ్లకండి.

ఇంటికి మ్యాప్ వేయించడం

తానెక్కడుందో తెలిస్తేనే మ్యాప్ గీయగలదు, మ్యాప్ ఉంటేనే తానెక్కడుందో తెలుస్తుంది. ఈ రెండు ముడులనీ ఒకేసారి విప్పే పద్ధతి స్లామ్. రాస్ 2లో స్లామ్ టూల్‌బాక్స్ వాడండి. లైడార్ కొత్తగా చూసిన గోడల్ని ఇదివరకు చూసినవాటితో పొందిక చూసుకుంటూ పోతుంది. పాత చోటికి తిరిగి వచ్చినప్పుడు గుర్తుపట్టి, మధ్యలో పేరుకున్న తప్పునంతా వెనక్కి సర్దుతుంది. దీన్ని లూప్ క్లోజర్ అంటారు.

దాన్నిబట్టే రోబోని నడిపే తీరు ఉండాలి. గేమ్ కంట్రోలర్‌తోనో కీబోర్డుతోనో మెల్లగా నడపండి, ముఖ్యంగా మలుపుల్లో. బర్గర్‌తో వచ్చే పాత ఎల్డీఎస్-01 లైడార్ సెకనుకి ఐదు చుట్లే తిరుగుతుంది. రోబో గబుక్కున తిరిగితే ఒక్క చుట్టులోనే గోడ సాగినట్టు పడుతుంది. హాల్లో మొదలుపెట్టి ఒక గది చూసి మళ్లీ హాల్లోకి రండి, ఇంకో గది చూసి మళ్లీ హాల్లోకి రండి. అన్ని గదులూ చూసేసి చివర్లో ఒక్కసారే బయల్దేరిన చోటికి వద్దామంటే సవరణకి అవకాశం తక్కువ. ఇంట్లోవాళ్లని కాసేపు ఒకచోట కూర్చోమనండి. నడిచే కాళ్లు మ్యాప్‌లో చిన్న చిన్న స్తంభాలై మిగిలిపోతాయి.

మ్యాప్ అంటే గళ్ల కాగితం లాంటి బొమ్మ. గడి సాధారణంగా 5 సెంటీమీటర్లు. 10 మీటర్లు, 8 మీటర్లు ఉన్న ఇల్లు 200, 160 గళ్లు, మొత్తం 32,000 అవుతుంది. ప్రతి గడిలో అక్కడ ఏదో ఉండే అవకాశం ఎంతో ఒక అంకె. తెలుపు అంటే ఖాళీ, నలుపు అంటే అడ్డు, బూడిద రంగు అంటే ఇంకా చూడలేదు. 1980ల నడుమ హాన్స్ మొరావెక్, ఆల్బర్టో ఎల్ఫెస్ సోనార్ రీడింగులతో ఈ పద్ధతి మొదలుపెట్టారు. అప్పట్లో ఉన్న సెన్సార్లు అంత నమ్మదగ్గవి కావు కాబట్టే, ఉందనో లేదనో తేల్చేయకుండా ఎంత నమ్మకమో రాసుకున్నారు. ఆ ఆలోచన ఇప్పటికీ పాతబడలేదు.

మన ఇళ్లలో లైడార్‌ని మోసం చేసేవి కొన్ని ఉన్నాయి. బీరువాకి నిలువుటద్దం ఉంటే లైడార్ కిరణం అద్దంలో పడి తిరిగి, బీరువా వెనక ఇంకో గది ఉన్నట్టు మ్యాప్‌లో గీస్తుంది. గాజు తలుపు, బాల్కనీ స్లైడింగ్ డోర్ అయితే కిరణం దూసుకుపోతుంది. మ్యాప్ వేసేటప్పుడు లైడార్ ఎత్తులో, అంటే బర్గర్‌కి నేల నుంచి సుమారు 18 సెంటీమీటర్ల దగ్గర, ఒక అడ్డం కాగితం పట్టీ అంటించండి. ఆ పట్టీని తర్వాత కూడా తీయకపోవడమే మంచిది. తీసేస్తే మ్యాప్‌లో గోడ, కళ్ల ముందు ఖాళీ కనిపించి రోబో తికమకపడుతుంది. డైనింగ్ టేబుల్ నాలుగు కాళ్లుగానే కనిపిస్తుంది. రోబో పొట్టిది కాబట్టి కిందనుంచి దూరిపోతుంది, దానికి ఇబ్బంది లేదు. పొడుగు రోబో అయితే పైపలకకి తల కొట్టుకుంటుంది.

గడప సంగతి వేరే చెప్పాలి. లైడార్ చూపు గడప మీదనుంచి పోతుంది, కాబట్టి రోబోకి అది అసలు కనిపించదు. ఎక్కబోయి చక్రం గిర్రున తిరుగుతుంది, ఉన్నచోటే ఉండి అర మీటరు ముందుకు వచ్చేశాననుకుంటుంది. దిగుడు మెట్లు ఇంకా ప్రమాదం. గొయ్యిని అడ్డంగా చూసే లైడార్ ఎప్పటికీ పట్టుకోలేదు. చంద్రుడి మీద ప్రజ్ఞాన్ రోవర్‌కి 2023 ఆగస్టు 27న మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పు గొయ్యి ఎదురైతే, వచ్చిన దారినే వెనక్కి మళ్లించారు. అంత ముందుగా తెలియాలంటే కెమెరా చూపు కావాలి. ఇంట్లో రోబోకి తేలిక ఉపాయం, మ్యాప్ ఫైల్‌ని జింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రామ్‌లో తెరిచి గడపలు, మెట్ల చోట్లు రంగేసి, రాస్ 2లో రోబోకి దారి చూపే నావ్2 ప్యాకేజీకి కీపౌట్ జోన్‌గా, అంటే వెళ్లకూడని చోటుగా, ఇవ్వడం. మెట్ల ఇల్లయితే దీనికి తోడు రోబో అడుగున కిందికి చూసే దూరం సెన్సార్ కూడా పెట్టండి.

మ్యాప్‌ని సేవ్ చేసేటప్పుడు బొమ్మ ఫైల్‌తో పాటు స్లామ్ టూల్‌బాక్స్ సొంత పోజ్ గ్రాఫ్ ఫైల్‌ని కూడా దాచుకోండి. సోఫా జరిపినప్పుడు మొత్తం మళ్లీ వేయకుండా పాతదాన్నే కొనసాగించవచ్చు.

చోటు గుర్తించడం

ఇప్పుడు మ్యాప్ ఉంది. రోజూ రోబో ఆన్ చేయగానే ఆ మ్యాప్‌లో తానెక్కడుందో అది తెలుసుకోవాలి. దీనికి ఏఎంసీఎల్ అనే పద్ధతి వాడతాం. దీని మూలం 1999లో డెలార్ట్, ఫాక్స్, బుర్గార్డ్, త్రన్ ప్రతిపాదించిన మాంటె కార్లో లోకలైజేషన్.

చెన్నై నుంచి విశాఖ వెళ్లే రాత్రి రైల్లో పడుకున్నారనుకోండి. పొడవైన వంతెన చప్పుడుకి మెలకువ వచ్చింది. కృష్ణా? గోదావరా? చప్పుడు మాత్రమే వింటే రెండూ కావచ్చు. టైమ్ చూసుకుంటారు. బయల్దేరి ఎన్ని గంటలయిందో లెక్కేస్తే ఒక ఊహ నిలబడుతుంది, రెండోది పడిపోతుంది. ఏఎంసీఎల్ చేసేది ఇదే. మ్యాప్ మీద వందలకొద్దీ ఊహలు, అంటే పార్టికల్స్, చల్లుతుంది. ప్రతి పార్టికల్ ‘నేను ఇక్కడున్నాను, ఇటు చూస్తున్నాను’ అనే ఒక ఊహ. రోబో కదిలితే ఓడోమెట్రీ చెప్పినంత అన్నిటినీ కదుపుతుంది, కొంచెం చెదరగొడుతూ. లైడార్ చూడగానే ఒక్కో ఊహనీ అడుగుతుంది: నువ్వన్న చోట నేనుంటే గోడలు ఇలా కనిపించాలా? పొంతన కుదిరినవి ఎక్కువవుతాయి, కుదరనివి రాలిపోతాయి.

ఆర్‌విజ్‌లో ఇది కళ్లారా చూడండి, ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చే దృశ్యం ఇదే. మొదట టూడీ పోజ్ ఎస్టిమేట్ బటన్‌తో రోబో సుమారుగా ఎక్కడుందో, ఎటు చూస్తోందో బాణం గీయండి. చుట్టూ బాణాల గుంపు విచ్చుకుంటుంది. రోబోని రెండు మూడు మీటర్లు నడిపి, ఒక చుట్టు తిప్పండి. గుంపు దగ్గరపడుతూ ముద్దగా చేరుతుంది, లైడార్ చుక్కలు మ్యాప్ గోడల మీదకి వచ్చి కూర్చుంటాయి. నావ్2లో పార్టికల్స్ సంఖ్య మామూలుగా 500కీ 2000కీ మధ్య ఉంటుంది. అనుమానం ఎక్కువుంటే పెంచుకుంటుంది, తగ్గితే తగ్గించుకుంటుంది.

ఆల్ఫా 1 నుంచి 4 వరకు ఉన్న అంకెలు ఓడోమెట్రీని ఎంత అనుమానించాలో చెబుతాయి. డిఫాల్ట్ 0.2. చక్రం లెక్క మీరు శ్రద్ధగా సరిచేసి ఉంటే వీటిని తగ్గించవచ్చు, గుంపు బిగుతుగా ఉంటుంది. కొలవకుండా తగ్గిస్తే మాత్రం గుంపు బిగుతుగా ఉంటూనే తప్పు చోట చేరుతుంది. రోబో పూర్తి నమ్మకంతో గోడకి వెళ్లి గుద్దుతుంది. గుంపు విచ్చుకుని ఉండడం కంటే ఇదే ప్రమాదం.

కాలేజీ కారిడార్ ఈ పద్ధతికి గట్టి పరీక్ష. ఎల్డీఎస్-01 చూపు 3.5 మీటర్లే. పొడవైన కారిడార్ నడుమ నిలబడితే అటు గోడ, ఇటు గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. అడ్డంగా ఎక్కడుందో సెంటీమీటర్లలో తెలుస్తుంది, నిలువుగా ఎక్కడుందో అంతుపట్టదు. పార్టికల్స్ గుంపు కారిడార్ పొడవునా సాగిపోతుంది. అక్కడ ఓడోమెట్రీయే ఆధారం. లేదంటే ఎక్కువ దూరం చూసే లైడార్ పెట్టాలి.

ఇంకో పరీక్ష చేయండి. నడుస్తున్న రోబోని చేత్తో ఎత్తి పక్క గదిలో పెట్టండి. మామూలు సెట్టింగ్‌లో అది పాత గదిలోనే ఉన్నాననుకుంటుంది. రికవరీ ఆల్ఫా అనే రెండు అంకెలూ (ఒకటి నెమ్మదిది, ఒకటి వేగంది) సున్నాగా ఉంటాయి, అంటే కొత్త ఊహలు చల్లే ఏర్పాటు ఆపేసి ఉంటుంది. నెమ్మదిదానికి 0.001, వేగందానికి 0.1 పెట్టి మళ్లీ చూడండి. గదులన్నీ ఒకేలా ఉన్నచోట ఇది అనవసరంగా గెంతుతుంది. అలాంటి చోట సున్నాకే ఉంచి, తప్పిపోయినప్పుడు మనమే చోటు చెప్పడం మేలు.

దారి వేయడం

నావ్2లో దారి పని ఇద్దరు చేస్తారు. ప్లానర్ మొత్తం మ్యాప్ చూసి ఇక్కడి నుంచి అక్కడికి దారి గీస్తుంది. కంట్రోలర్ ఆ దారిని పట్టుకుని, ఈ క్షణం చక్రాలు ఎంత వేగంగా తిరగాలో తేలుస్తుంది. ప్లానర్ వెనక 1959 నాటి డైక్‌స్ట్రా పద్ధతో, 1968 నాటి ఏ-స్టారో ఉంటుంది. ఏ-స్టార్ పుట్టిందే ఇలాంటి రోబో కోసం. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో షేకీ అనే రోబో మీద పనిచేస్తూ హార్ట్, నిల్సన్, రాఫెల్ దాన్ని తయారుచేశారు. ఏఐ అంటే న్యూరల్ నెట్‌వర్కే అనుకునేవాళ్లు దీన్ని కూడా ఆ లెక్కలోనే వేసుకోవాలి.

ఇక్కడ ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది కాస్ట్‌మ్యాప్‌లోని (ఏ గడి గుండా పోతే ఎంత ఖరీదో రాసుకున్న మ్యాప్) ఇన్‌ఫ్లేషన్. అడ్డంకి చుట్టూ ఎంత దూరం వరకు ‘ఇటు రాకపోతే మంచిది’ అని రంగు పూయాలో అది చెబుతుంది. బాత్రూమ్ తలుపు 75 సెంటీమీటర్లే ఉంటుంది. ఇన్‌ఫ్లేషన్ 55 సెంటీమీటర్లు పెడితే తలుపు మొత్తం రంగుతో నిండిపోతుంది. అది చూసి దారి మూసుకుపోయిందని భయపడి 15కి తగ్గించేస్తారు. అప్పుడు రోబో గోడని రాసుకుంటూ, మూలల్లో చక్రం తగిలించుకుంటూ పోతుంది. రంగు పడినంత మాత్రాన దారి మూసుకున్నట్టు కాదు. రోబో ఒళ్లు తగిలేంత దగ్గరగా ఉన్న గళ్లే నిషిద్ధం, మిగతావి ఖరీదైనవి, అంతే. వెడల్పుగా, మెల్లగా తగ్గేలా పూస్తే తలుపు సరిగ్గా నడుమ ఖరీదు అన్నిటికంటే తక్కువై, రోబో మధ్యనుంచి పోతుంది. కాబట్టి వెడల్పు తగ్గించకుండా, ఎంత త్వరగా తగ్గాలో చెప్పే కాస్ట్ స్కేలింగ్ అంకెని మార్చి చూడండి.

కంట్రోలర్లలో రెగ్యులేటెడ్ ప్యూర్ పర్స్యూట్‌తో మొదలుపెట్టండి, అంకెలు తక్కువ, అర్థం చేసుకోవడం తేలిక. మనుషులు తిరిగేచోట తప్పుకోవడం బాగా రావాలంటే తర్వాత ఎంపీపీఐ అనే కంట్రోలర్‌కి మారండి. అయితే దానికి ప్రాసెసర్ బలం కావాలి.

ఇప్పుడు ఏఐ

ఇంతవరకు వచ్చిన రోబో మ్యాప్ ఉన్నచోట తిరుగుతుంది. కానీ ఎదురుగా ఉన్నది పాపాయా, పూలకుండీయా దానికి తేడా తెలీదు. రెండూ చుక్కలే. కెమెరా, డీప్ లెర్నింగ్ నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

మొదటి పని మనుషుల్ని గుర్తించడం. చిన్న యోలో మోడల్‌ని జెట్సన్ ఓరిన్ నానో లాంటి బోర్డు మీద నడపండి. బొమ్మలో మనిషి చుట్టూ గీసిన పెట్టె ఏ కోణంలో ఉందో చూసి, అదే కోణంలో లైడార్ చెప్పిన దూరం తీసుకోండి. దూరం విషయంలో లైడార్‌నే నమ్మాలి, అదేంటన్నది కెమెరాని అడగాలి. ఆ చోటు చుట్టూ కాస్ట్‌మ్యాప్‌లో పెద్ద వలయం వేయండి. కుర్చీకి అంత అక్కర్లేదు. లైడార్ కిరణానికీ కెమెరా బొమ్మకీ మధ్య కొలతలు సరిగ్గా ఇవ్వాలి, లేకపోతే మనిషి ఒకచోట, వలయం ఇంకోచోట పడతాయి.

రెండో పని తప్పిపోయినప్పుడు చోటు గుర్తుపట్టడం. లైడార్‌కి రెండు బెడ్‌రూములు ఒకేలా కనిపించొచ్చు, కెమెరాకి కర్టెన్ రంగు తేడా తెలుస్తుంది. మ్యాప్ వేసేటప్పుడే మీటరుకో ఫొటో, ఆ చోటుతో పాటు దాచుకోండి. నెట్‌వ్లాడ్ లాంటి మోడల్ ప్రతి ఫొటోని కొన్ని అంకెల వరసగా మారుస్తుంది. రోబో తప్పిపోయినప్పుడు ఇప్పటి ఫొటోకి దగ్గరగా ఉన్న పాత ఫొటోల్ని వెతికి, ఆ చోట్లలో పార్టికల్స్ చల్లండి. ఏఐ ఒక ఊహ ఇస్తుంది, లైడార్ దాన్ని పరీక్షిస్తుంది. ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా తీర్పు చెప్పరు. జనం గుమిగూడి గోడలు కనిపించనిచోట కెమెరాని పైకప్పు వైపు తిప్పడం కూడా మంచి ఉపాయమే. 1998లో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలో సందర్శకుల మధ్య తిరిగిన మినర్వా రోబో పైకప్పు బొమ్మని కూడా ఆధారం చేసుకుంది.

మూడోది, మ్యాప్ లేకుండా కెమెరా చూపు నుంచి నేరుగా చక్రాల వేగం తేల్చే మోడళ్లు. వీటి మీద ఉత్సాహం బాగా ఉంది, ఉండాల్సిందే. కానీ ఒక ప్రయోగం సరిగ్గా చదవండి. 2019లో ఫేస్‌బుక్ పరిశోధకులు డీడీ-పీపీఓ పద్ధతిలో 64 జీపీయూల మీద, మూడు రోజుల్లోపే, 250 కోట్ల ఫ్రేముల అనుభవాన్ని సిమ్యులేషన్‌లో ఇచ్చి ఒక ఏజెంట్‌కి నేర్పారు. కొత్త ఇళ్లలో మ్యాప్ లేకుండానే అది దాదాపు తప్పు లేకుండా గమ్యం చేరింది. అయితే దానికి తన చోటు, దిక్కు ఖచ్చితంగా చెప్పే జీపీఎస్, దిక్సూచి ఇచ్చారు. మన ఇంట్లో అలాంటి జీపీఎస్ లేదు. తానెక్కడుందన్న ప్రశ్నకి జవాబు ఎవరో ఒకరు ఇవ్వాలి, అది మీరు టేపు పెట్టి కొలిచిన ఓడోమెట్రీ నుంచే మొదలవుతుంది. ఈ రంగంలో లోతుగా పోవాలనుంటే హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలోని రోబోటిక్స్ రీసెర్చ్ సెంటర్ వాళ్ల పరిశోధన పత్రాలు చదవండి, స్లామ్ మీద చాలా కాలంగా పనిచేస్తున్నారు.

ఏ మోడల్ పెట్టినా ఒక్క నియమం వదలొద్దు. లైడార్ దగ్గరగా ఏదైనా చూస్తే మోటార్లు ఆపే చిన్న ప్రోగ్రామ్ విడిగా, ఏఐ చేతికి అందకుండా ఉండాలి. చేత్తో నొక్కే ఎర్ర బటన్ కూడా పెట్టండి.

పని చేయకపోతే ఎక్కడ వెతకాలి

రోబో ఉన్నట్టుండి తిక్కగా తిరిగితే వెంటనే అంకెలు మార్చడం మొదలుపెట్టకండి. ముందు గడియారాలు చూడండి. ల్యాప్‌టాప్‌లో, రాస్ప్‌బెర్రీ పైలో టైమ్ అర సెకను తేడా ఉన్నా ఫ్రేముల మధ్య లెక్క కుదరక ట్రాన్స్‌ఫామ్ ఎర్రర్లు వరసపెట్టి వస్తాయి. గడియారాలు సరిచేసే క్రోనీ అనే ప్రోగ్రామ్ వేసి రెండిటినీ కలపండి. తర్వాత వైఫై. కెమెరా బొమ్మల్ని యథాతథంగా వైఫైలో పంపితే లైడార్ సమాచారం ఆలస్యమవుతుంది, బొమ్మల పని రోబో మీదే ముగించండి. తర్వాత బ్యాటరీ, టైర్ల మీద పేరుకున్న దుమ్ము. ఇవన్నీ బాగుంటే ఓడోమ్ ఫ్రేములో ఆ 20 సెకన్ల పరీక్ష మళ్లీ చేయండి. అది దాటితే ఏఎంసీఎల్, ఆ తర్వాతే నావ్2.

చార్జింగ్ దగ్గర చివరి మెట్టు

అన్నీ కుదిరాక రోబోని ఒకే చోటికి వేర్వేరు గదుల నుంచి పంపి, ఆగిన ప్రతిసారీ నేల మీద టేపు ముక్క అంటించండి. ముక్కలు ఎంత చెదిరాయో అదే మీ రోబో అసలు ఖచ్చితత్వం. నావ్2లో గమ్యం చేరినట్టు ఒప్పుకునే దూరం డిఫాల్ట్‌గా 25 సెంటీమీటర్లు ఉంటుంది, కాబట్టి ముక్కలు దూరంగా పడితే ముందు అది చూసుకోండి. గదిలోకి వెళ్లడానికి ఇది చాలు, చార్జింగ్ పిన్నులు కలవడానికి చాలదు. చార్జర్ పైన ఏప్రిల్‌ట్యాగ్ అనే నలుపు తెలుపు గళ్ల గుర్తు ముద్రించి గోడకి అంటించండి. నావ్2తో రోబోని చార్జర్ ముందు అర మీటరు దూరానికి తెచ్చి ఆపి, అక్కడి నుంచి మ్యాప్‌ని పక్కన పెట్టి, కెమెరాకి కనిపించే ఆ గుర్తునే చూస్తూ మెల్లగా దగ్గరికి పోనివ్వండి. పిన్నుల్లో వోల్టేజ్ కనిపించగానే మోటార్లు ఆపేయాలి. కనిపించకపోతే అర మీటరు వెనక్కి వచ్చి మళ్లీ ప్రయత్నించేలా రాయండి.